షూటింగ్ గార్డులలో ద్వితీయుడెవరు?

తారతమ్య విచారణ మానవునికి సహజగుణం. ఇద్దరు కవులను చదివినవాడు వారిలో ఎవరు ఘనులని అడగక మానడు. ఇద్దరు గాయకులను విన్నవాడు మనసులోనైనా వారిని తూచక మానడు. క్రీడారంగంలో ఈ గుణం మరింత ప్రబలంగా కనిపిస్తుంది. అక్కడ అంకెలు ఉంటాయి, కప్పులు ఉంటాయి, గెలుపోటములు స్పష్టంగా ఉంటాయి; కాబట్టి తీర్పు చెప్పడం మిక్కిలి సులభమని చాలామంది భావిస్తారు. అంకెలు పెరిగిన కొద్దీ తీర్పరి బాధ్యత కూడా పెరుగుతుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

మన కళాశాల బాస్కెట్‌బాల్ మైదానం పక్కన సాయంకాలాలలో విద్యార్థులు చేసే వాదప్రతివాదాలను నేను తరచు వింటూ ఉంటాను. అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ చరిత్రలో షూటింగ్ గార్డులందరిలోకీ గొప్పవారెవరు అన్నది వారికి ప్రియమైన చర్చనీయాంశం. మొదటి పేరు మైకేల్ జోర్డన్ అనడంలో వారిలో వారికి భేదాభిప్రాయం లేదు. రెండవ పేరు కోబీ బ్రయంట్ అనడంలోనూ వారు తడుముకోరు. ఎందుకని ఒక విద్యార్థిని అడిగితే, “ఐదు ఉంగరాలున్నాయి కదా సార్!” అని సమాధానమిచ్చాడు. విజేత జట్టులోని ఆటగాళ్లకు ఉంగరాలు బహూకరించడం ఆ దేశపు ఆచారం. ఆ ఒక్క మాటతో చర్చ ముగిసినట్లే ఆ విద్యార్థి భావించాడు. నాకు మాత్రం అసలు చర్చ అక్కడే మొదలవుతున్నదని తోచింది. ఈ వ్యాసానికి ప్రేరణ ఆ సమాధానమే.

ఆటతో పరిచయం తక్కువగా ఉన్న పాఠకుల కోసం రెండు మాటలు. 1891 డిసెంబరులో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామోపాధ్యాయుడు, చలికాలంలో విద్యార్థులు నాలుగు గోడల మధ్య ఆడుకొనేందుకు పీచ్ పండ్ల బుట్టలు రెండు ఎత్తున బిగించి ఈ ఆటకు రూపకల్పన చేశాడు. నేడు ఎన్.బి.ఎ. అని పిలువబడే వృత్తి క్రీడాసంస్థ 1946లో మరొక పేరుతో ఆరంభమై, 1949లో ప్రస్తుత నామం ధరించింది. జట్టులో ఐదుగురు ఆడతారు. వారిలో ఇద్దరు గార్డులు. బంతిని ముందుకు తెచ్చి ఆటను నడిపించేవాడు పాయింట్ గార్డ్. రెండవవాడు షూటింగ్ గార్డ్. దూరం నుండి గురి తప్పక బంతి వేయడం, తనను కాపలా కాసేవాణ్ణి తప్పించుకొని బుట్ట వైపు దూసుకుపోవడం, ప్రత్యర్థి జట్టులోని మేటి గార్డును నిలువరించడం, చివరి క్షణాలలో అందరి చూపూ తనపై ఉండగా బంతి అందుకోవడం అతని విధులు. ఈ నిర్వచనం ప్రకారం ఆస్కార్ రాబర్ట్‌సన్, మ్యాజిక్ జాన్సన్, స్టెఫెన్ కరీ వంటి మహామహులు పాయింట్ గార్డులు కాబట్టి ఈ విచారణలోకి రారు. 2019 నాటికి ఆట విరమించిన వారినే నేను పరిగణించాను. పంట కోతకు రాకముందే దిగుబడి లెక్కకట్టడం న్యాయం కాదు.

ఇక కొలబద్దల సంగతి. ప్రతి సంవత్సరం కట్టలకొద్దీ సమాధానపత్రాలు దిద్దే వృత్తిలో ఉన్నవాణ్ణి. మార్కు దేనిని కొలుస్తుందో, దేనిని కొలవలేదో నాకు కొంత తెలుసు. కాబట్టి తీర్పుకు ముందే నా తూకపు రాళ్లను పాఠకుల ముందు పెడుతున్నాను. అవి నాలుగు. మొదటిది, పాయింట్లు సాధించే నేర్పు. రెండవది, ప్రత్యర్థిని అడ్డుకొనే రక్షణ నైపుణ్యం. మూడవది, సీజన్ చివర జరిగే ప్లేఆఫ్స్ పోటీలలో, ముఖ్యంగా ఫైనల్స్‌లో, ఒత్తిడి తీవ్రమైనప్పుడు ఆట పెరిగినదా తరిగినదా అన్నది. నాలుగవది, ఎన్ని సంవత్సరాలు ఆ స్థాయిని నిలుపుకొన్నాడన్నది. ఉంగరాల సంఖ్య ఇందులో లేదని విద్యార్థులు వెంటనే గమనిస్తారు. ఎందుకు లేదో చెప్పవలసిన బాధ్యత నాపై ఉన్నది.

ఉంగరాలే కొలబద్ద అయితే ప్రథమ స్థానం జోర్డన్‌కు కూడా దక్కదు. శామ్ జోన్స్ అనే షూటింగ్ గార్డ్ బాస్టన్ సెల్టిక్స్ జట్టులో 1957 నుండి 1969 వరకు ఆడి పది ఉంగరాలు పొందాడు. జోర్డన్‌కు ఉన్నవి ఆరు. అయినా శామ్ జోన్స్ జోర్డన్ కంటె గొప్పవాడని ఆయన అభిమానులు సైతం అనరు. ఆ పది విజయాల వెనుక బిల్ రసెల్ అనే అద్వితీయ రక్షకుడు ఉన్నాడని అందరికీ తెలుసు. శామ్ జోన్స్ విషయంలో ఇంత సులభంగా గ్రహించే సత్యాన్ని ఇతరుల విషయంలో మరచిపోవడం తర్కానికి నిలవదు. ఒక కొలబద్దను ఇష్టమైనచోట వాడి, ఇష్టం లేనిచోట దాచిపెట్టరాదు.

మరొక జాగ్రత్త కూడా అవసరం. మనం చూసే గణాంకాల పట్టిక అన్ని కాలాలకూ ఒకటి కాదు. బంతి కాజేయడం, వేసిన బంతిని గాలిలో అడ్డుకోవడం, అంటే స్టీళ్లు, బ్లాకులు, ఎన్.బి.ఎ. అధికారికంగా లెక్కించడం 1973-74 సీజన్‌లో మొదలైంది. మూడు పాయింట్ల గీత 1979-80లో వచ్చింది. అంతకుముందు ఎంత దూరం నుండి వేసినా బుట్టకు రెండు పాయింట్లే. ఉత్తమ రక్షకుల జట్టును ఎంపిక చేసే సంప్రదాయం 1968-69 సీజన్‌తో ఆరంభమైంది. కాబట్టి పాత ఆటగాని పట్టికలో కనిపించే ఖాళీ గడి అతని అసమర్థతకు సాక్ష్యం కాదు. ఆనాడు ఆ లెక్క రాసినవాడు లేడన్నదే దాని అర్థం.

ప్రథమ స్థానం మైకేల్ జోర్డన్‌ది. ఇది లోకం అంగీకరించిన విషయం కాబట్టి సంగ్రహంగా చెబుతాను. 1984లో షికాగో బుల్స్ జట్టు ఆయనను మూడవ ఎంపికగా తీసుకొన్నది. పదిసార్లు పాయింట్లలో అగ్రస్థానం, ఐదుసార్లు సీజన్‌లో అత్యంత విలువైన ఆటగాడి బిరుదు, ఆడిన ఆరు ఫైనల్స్‌లోనూ విజయం, ఆ ఆరింటిలోనూ ఫైనల్స్ ఉత్తమ ఆటగాడి గౌరవం ఆయన ఖాతాలో ఉన్నాయి. ఆటకు సగటున 30.1 పాయింట్లు. 1987-88 సీజన్‌లో పాయింట్లలో ప్రథముడై, అత్యంత విలువైన ఆటగాడై, ఉత్తమ రక్షణ ఆటగాడి బహుమతి కూడా పొందాడు. విల్లు పట్టిన చేతితోనే డాలు కూడా అంత సమర్థంగా పట్టగలిగినవాడు ఈ స్థానంలో మరొకడు లేడు. నా నాలుగు రాళ్లలో ఏ రాయి వేసినా తక్కెడ ఆయన వైపే మొగ్గుతుంది.

అయితే జోర్డన్ జీవితంలోనే మన విద్యార్థుల వాదానికి సమాధానం ఉన్నది. 1986 ఏప్రిల్ 20న బాస్టన్ జట్టుపై ప్లేఆఫ్స్‌లో ఆయన 63 పాయింట్లు సాధించాడు. ఆ ఆటలో షికాగో ఓడిపోయింది. 1988, 1989, 1990 సంవత్సరాలలో వరుసగా మూడుసార్లు డెట్రాయిట్ పిస్టన్స్ జట్టు ఆయన దారికి అడ్డుపడింది. తొలి ఉంగరం 1991లో గాని రాలేదు. 1987లో స్కాటీ పిప్పెన్ వచ్చి క్రమంగా ఎదిగి, 1989లో ఫిల్ జాక్సన్ శిక్షకుడై జట్టును తీర్చిదిద్దిన తరువాతే ఆ ఉంగరం లభించింది. 1990లో ఉంగరం లేని జోర్డన్ అల్పుడై, మరుసటి యేడు హఠాత్తుగా మహాత్ముడయ్యాడా? మనిషి అతడే. చుట్టూ ఉన్నవారు మారారు.

ఇక ద్వితీయ స్థానం. ఈ వ్యాసానికి హృదయం ఇదే. నా తీర్పును ముందుగానే ప్రకటిస్తున్నాను. ద్వితీయుడు జెర్రీ వెస్ట్. తృతీయుడు కోబీ బ్రయంట్. ఇద్దరూ లాస్ ఏంజిలిస్ లేకర్స్ జట్టుకే తమ వృత్తిజీవితమంతా అంకితం చేశారు. వెస్ట్ 1960 నుండి 1974 వరకు పద్నాలుగు సీజన్లు, కోబీ 1996 నుండి 2016 వరకు ఇరవై సీజన్లు ఆడారు.

వెస్ట్ 1938లో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో, బొగ్గుగనుల ప్రాంతంలో జన్మించాడు. పొరుగువారి కొట్టానికి బిగించిన బుట్టలో ఒంటరిగా బంతి వేసుకొంటూ ఆట నేర్చుకొన్నాడు. విశ్వవిద్యాలయ విద్యార్థిగా 1959లో జాతీయ పోటీల అంతిమ ఆటలో ఒక్క పాయింటు తేడాతో ఆయన జట్టు ఓడింది. ఆ పోటీలలో అత్యుత్తమ ఆటగాడిగా మాత్రం ఆయననే ఎంపిక చేశారు. ఆయన జీవితకథ మొత్తానికి అది నాందీప్రస్తావన వంటిది. 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో స్వర్ణపతకం సాధించి, అదే సంవత్సరం లేకర్స్ జట్టులో చేరాడు. ఆ తరువాత తొమ్మిదిసార్లు ఫైనల్స్‌కు చేరాడు. 1962, 1963, 1965, 1966, 1968, 1969లలో బాస్టన్ చేతిలోను, 1970, 1973లలో న్యూయార్క్ చేతిలోను పరాజయం. 1972లో న్యూయార్క్‌పై ఒకే ఒక విజయం.

తొమ్మిదింట ఒకటి! పట్టిక మాత్రమే చూసేవాడు ఇక్కడే పుస్తకం మూసివేస్తాడు. పుస్తకం తెరిచి చూసేవాడికి కనిపించేది వేరు. 1965లో సహచరుడు ఎల్జిన్ బేలర్ గాయపడి తప్పుకోగా, ప్లేఆఫ్స్‌లో వెస్ట్ సగటున ఆటకు 40.6 పాయింట్లు సాధించాడు. మామూలు సీజన్లలో ఆయన జీవిత సగటు 27.0 కాగా, ప్లేఆఫ్స్‌లో అది 29.1. అంటే పోటీ కఠినమైన కొద్దీ ఆట పెరిగింది. 1969-70లో పాయింట్లలోను, 1971-72లో సహచరులకు బంతి అందించడంలోను అగ్రస్థానం పొందాడు. ఆడిన పద్నాలుగు సీజన్లలోనూ ఆల్‌స్టార్ ఆటకు ఎంపికయ్యాడు. ఉత్తమ రక్షకుల జట్టు ఎంపిక మొదలయ్యేనాటికి ఆయన వృత్తిజీవితంలో ఎనిమిది సీజన్లు గడిచిపోయాయి. అయినా మిగిలిన ఆరింటిలో ఐదుసార్లు ఆ జట్టులో స్థానం దక్కింది. స్టీళ్లు లెక్కించడం మొదలైనది ఆయన చివరి సీజన్‌లో. ముప్పై ఐదేళ్ల వయసులో, గాయాల మధ్య ఆడిన 31 ఆటలలో సగటున 2.6 సార్లు బంతి కాజేశాడు. యౌవనంలోని పదమూడు సీజన్ల లెక్క ఎవరూ రాసిపెట్టలేదు.

1970 ఫైనల్స్ మూడవ ఆటలో, చివరి క్షణంలో మైదానం సగానికి అవతల నుండి వెస్ట్ విసిరిన బంతి నేరుగా బుట్టలో పడింది. ఆనాటి నిబంధన ప్రకారం దానికి రెండు పాయింట్లే. స్కోరు 102-102గా సమమైంది. అదనపు సమయంలో లేకర్స్ ఓడిపోయింది. మూడు పాయింట్ల గీత అప్పటికే ఉండి ఉంటే అదే గెలుపు బంతి. నిబంధన పదేళ్లు ఆలస్యంగా వచ్చినందుకు ఆటగాని మార్కులు తగ్గించవచ్చునా?

ఇప్పుడు రెండు ఆటలను పక్కపక్కన నిలిపి చూద్దాం. రెండూ ఫైనల్స్‌లోని ఏడవ ఆటలు, అంటే చెరి మూడు గెలిచి కిరీటం ఎవరిదో తేల్చే ఆఖరి ఆటలు. రెండూ లాస్ ఏంజిలిస్ పరిసరాలలో సొంత ప్రేక్షకుల ముందు జరిగినవే. రెండింటిలోనూ ప్రత్యర్థి బాస్టన్.

మొదటిది 1969 మే 5న జరిగింది. అంతకుముందు నాలుగవ ఆటలో, చివరి క్షణంలో శామ్ జోన్స్ తూలిపోతూ వేసిన బంతి బుట్ట అంచున ఎగిరిపడి లోపలికి జారడంతో బాస్టన్ 89-88 తేడాతో గెలిచింది. ఆ బంతి బయటికి జారి ఉంటే లేకర్స్ ఆధిక్యం మూడు ఒకటిగా ఉండేది. ఏడవ ఆట నాటికి వెస్ట్ తొడ కండరం గాయపడి ఉన్నది. గెలుపు ఖాయమనుకొన్న యాజమాన్యం పైకప్పు కింద బెలూన్లు కట్టి ఉంచింది. వెస్ట్ ఆ గాయంతోనే 42 పాయింట్లు సాధించాడు, 13 రిబౌండ్లు పట్టాడు, 12 సార్లు సహచరుల చేత పాయింట్లు వేయించాడు. చివరి నిమిషాలలో డాన్ నెల్సన్ వేసిన బంతి కూడా బుట్ట అంచున ఎగిరి లోపలే పడింది. లేకర్స్ 106-108తో ఓడింది. బెలూన్లు పైననే ఉండిపోయాయి.

రెండవది 2010 జూన్ 17న జరిగింది. కోబీ 24 సార్లు బంతి వేసి 6 సార్లు మాత్రమే సఫలుడయ్యాడు. ఆ ఒత్తిడిలోనూ 15 రిబౌండ్లు పట్టి, తన 23 పాయింట్లలో పదింటిని చివరి భాగంలో సాధించడం ఆయన ధైర్యానికి నిదర్శనం. పావ్ గాసోల్ 18 రిబౌండ్లు పట్టాడు. రాన్ ఆర్టెస్ట్ 20 పాయింట్లు సాధించి ఆదుకొన్నాడు. లేకర్స్ 83-79తో గెలిచింది. కోబీకి ఐదవ ఉంగరం దక్కింది.

ఆ ఆట జరుగుతున్నప్పుడు మనకు జూన్ 18 ఉదయం. నేనప్పుడు విద్యార్థిగా ఉన్నాను. వసతిగృహంలో టెలివిజన్ ముందు గుమిగూడిన కోబీ భక్తులలో నేనూ ఒకణ్ణి. ఆనాటి గెలుపు కేకలలో ఆరు సఫలమై పద్దెనిమిది విఫలమైన సంగతి మాలో ఎవరికీ పట్టలేదు. కొన్నేళ్ల తరువాత 1969 నాటి ఆట వివరాలు చదివినప్పుడు ఈ రెండు పట్టికలూ నా మనసులో ఎదురెదురుగా నిలిచాయి. 42 పాయింట్లు సాధించినవాడు ఓడినవాళ్ల జాబితాలోకి, 24లో 6 వేసినవాడు గెలిచినవాళ్ల జాబితాలోకి చేరాడు. ఉంగరం జట్టు గెలుపునకు గుర్తు. దానిని ఒక్క మనిషి నేర్పుకు కొలమానంగా వాడుకొంటున్నది మనమే. వెస్ట్ ఏకైక ఉంగరం కథ కూడా ఇదే చెబుతుంది. 1972 ఫైనల్స్‌లో ఆయన గురి దారుణంగా తప్పింది. సగటు ఇరవై పాయింట్లకు మించలేదు. తన ఫైనల్స్ అన్నింటిలోకీ బలహీనంగా ఆడిన యేడే కిరీటం వచ్చింది.

కోబీ ఘనతను తగ్గించాలని నా ఉద్దేశం కాదు. బాల్యం కొంతకాలం ఇటలీలో గడిపి, పదునెనిమిదేళ్లకే కళాశాల గడప తొక్కకుండా వృత్తి క్రీడలో అడుగుపెట్టిన ఆ బాలుడు 33,643 పాయింట్లు సాధించాడు. 2006 జనవరి 22న టొరంటో జట్టుపై ఒక్క ఆటలో 81 పాయింట్లు వేశాడు. 2013 ఏప్రిల్‌లో మడమ నరం తెగిన తరువాత కూడా నిలబడి, తనకు రావలసిన రెండు ఉచిత బంతులనూ బుట్టలో వేసి మరీ మైదానం విడిచాడు. 2016లో చివరి ఆటలో 60 పాయింట్లు సాధించి వీడ్కోలు తీసుకొన్నాడు. 2020 జనవరి 26న హెలికాప్టర్ ప్రమాదంలో కుమార్తె జియానాతోను, మరి ఏడుగురితోను ఆయన మరణించడం యావత్ క్రీడాలోకాన్ని శోకంలో ముంచింది. నాలుగవ రాయి, అంటే దీర్ఘకాలిక నిలకడ, కోబీ వైపే మొగ్గుతుందని నిస్సంకోచంగా అంగీకరిస్తాను. మొదటి మూడు ఉంగరాల కాలంలో ఫైనల్స్ ఉత్తమ ఆటగాడు మూడుసార్లూ షకీల్ ఓనీల్ అన్నది, సీజన్ సగటు 25.0 ప్లేఆఫ్స్‌లోనూ దాదాపు అంతే, 25.6, అన్నది కూడా అంగీకరించవలసిన సత్యాలే.

నా తీర్పుకు ఒక బలమైన ఆక్షేపణ ఉన్నది. వెస్ట్ చేరిననాడు సంస్థలో ఎనిమిది జట్లే ఉండేవి. కోబీ కాలంలో అవి ముప్పై వరకు పెరిగాయి, ప్రపంచం నలుమూలల నుండి ఆటగాళ్లు వచ్చారు, పోటీ తీవ్రత పెరిగింది అని విజ్ఞులు అనవచ్చు. వెస్ట్ ఆఖరి సంవత్సరాలలో పాయింట్ గార్డ్ విధులు కూడా నిర్వహించాడని మరి కొందరు అనవచ్చు. రెండూ నిజమే. కాని జట్లు ఎనిమిదే ఉన్నప్పుడు బలహీనులతో ఆడే అవకాశం కూడా తక్కువ. బిల్ రసెల్ వంటి రక్షకుణ్ణి మాటిమాటికీ ఎదుర్కోక తప్పదు. ఏ ఆటగాణ్ణి అయినా అతని కాలంలోని సాటివారితో పోల్చి తూచడమే న్యాయమని నా నమ్మకం.

ఇందులో ఒక చమత్కారం కూడా ఉన్నది. 1996లో లేకర్స్ జట్టు వ్యవహారాలు నిర్వహిస్తున్నది ఈ జెర్రీ వెస్టే. పదమూడవ ఎంపికగా షార్లెట్ జట్టుకు వెళ్లిన కోబీ కోసం, స్థిరపడిన ఆటగాడైన వ్లాడే డివాచ్‌ను ఇచ్చివేసి ఆ బాలుణ్ణి తెచ్చినవాడు ఆయనే. ఇంకా ఏ అంకెలూ పేరు పక్కన లేని కుర్రవాడిలోని ప్రతిభను కళ్లతో చూసి గుర్తించాడు. పట్టికకు అవతల ఉన్నదానిని చూడటం ఎలాగో ఆయనకు తెలుసు.

చతుర్థ స్థానం డ్వేన్ వేడ్‌ది. 2006 ఫైనల్స్‌లో డాలస్ చేతిలో తొలి రెండు ఆటలూ ఓడిన మయామీ హీట్ జట్టును తరువాతి నాలుగింటిలోనూ గెలిపించి, సగటున 34.7 పాయింట్లు సాధించాడు. 2010లో లెబ్రాన్ జేమ్స్ జట్టులో చేరినప్పుడు, తన పట్టణంలో తన అగ్రపీఠాన్ని తానే పక్కకు జరుపుకొని 2012, 2013లలో మరి రెండు విజయాలకు తోడ్పడ్డాడు. ఆట విరమించేనాటికి గార్డులలో అత్యధిక బ్లాకులు సాధించినవారిలో ఆయన ఒకడు.

పంచమ స్థానం శాన్ ఆంటోనియో జట్టుకు చెందిన జార్జ్ గెర్విన్‌కు ఇస్తాను. నాలుగుసార్లు పాయింట్లలో అగ్రస్థానం పొందాడు. 1978 సీజన్ చివరి రోజున మధ్యాహ్నం డేవిడ్ థామ్సన్ 73 పాయింట్లు సాధించి అగ్రస్థానం ఖాయం చేసుకొన్నాననుకోగా, సాయంత్రం గెర్విన్ 63 సాధించి అతి స్వల్ప తేడాతో ఆ స్థానం తిరిగి తీసుకొన్నాడు. వేళ్ల కొసల నుండి బంతిని సుతారంగా జార్చే ఆయన విద్య చూడముచ్చటైనది. రక్షణలో అంత పట్టు లేకపోవడం వల్ల ఇంతకు పైన నిలపలేకపోతున్నాను.

తరువాతి వరుసలో క్లైడ్ డ్రెక్స్‌లర్, శామ్ జోన్స్, అలెన్ ఐవర్సన్, రే అలెన్, రెజ్జీ మిల్లర్‌లను ఎవరు ఏ క్రమంలో నిలిపినా నాకు పేచీ లేదు. ఆరడుగుల ఎత్తు మాత్రమే ఉన్న ఐవర్సన్ 2001లో అత్యంత విలువైన ఆటగాడు కావడం, 2013 ఫైనల్స్ ఆరవ ఆటలో రే అలెన్ మూల నుండి వేసిన బంతితో ఓటమి అంచున ఉన్న జట్టు బతికిపోవడం ఎన్నటికీ మరపురాని ఘట్టాలు. అర్జెంటీనా నుండి 57వ ఎంపికగా వచ్చిన మను జినోబిలీ ఎక్కువ కాలం ఆట మధ్యలోనే దిగుతూ నాలుగు విజయాలలో పాలుపంచుకొన్నాడు. 2004లో తన దేశానికి ఒలింపిక్ స్వర్ణం సాధించిపెట్టాడు. ఏ పట్టికా ఆయనకు పూర్తి న్యాయం చేయలేదు.

మళ్లీ వెస్ట్ వద్దకు వచ్చి ముగిస్తాను. ఎన్.బి.ఎ. చిహ్నంలో బంతితో పరుగెత్తుతున్న తెల్లని ఆకృతి వెస్ట్ ఛాయాచిత్రం ఆధారంగా గీసినదేనని దాని రూపకర్త ఆలన్ సీగెల్ స్వయంగా చెప్పాడు. 2011లో వెలువడిన ఆత్మకథలో వెస్ట్ తన ఓటముల బాధను, తనను జీవితాంతం వెన్నాడిన మనోవ్యథను దాపరికం లేకుండా చెప్పుకొన్నాడు. 2024 జూన్ 12న, 86వ యేట కన్నుమూశాడు. అంతటివాణ్ణి సైతం ఓటమి ఒక జీవితకాలం కుంగదీసిందంటే, మనం ఓడినవారితో వ్యవహరించే తీరు ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించవలసి ఉన్నది.

ఫైనల్స్ ఉత్తమ ఆటగాడి బహుమతిని ఎన్.బి.ఎ. మొట్టమొదటిసారి ఇచ్చినది 1969లోనే. ఆ బహుమతి ఓడిన జట్టులోని జెర్రీ వెస్ట్‌కే దక్కింది. ఆనాటి తీర్పరులు స్కోరుబోర్డును చూడలేదని కాదు. దానితోపాటు ఆటను కూడా చూశారు. 2025 వరకు గడిచిన ఇన్నేళ్లలో ఓడిన జట్టు ఆటగాడికి ఆ గౌరవం మళ్లీ దక్కలేదు.

ప్రియ విద్యార్థులారా! మీరు నా వరుసను అంగీకరించనక్కరలేదు. కోబీయే ద్వితీయుడని మీరు వాదిస్తే ఆనందంగా వింటాను. కాని ఉంగరాలు లెక్కపెట్టి కాక, ఆటను తూచి వాదించండి. ఇక కళాశాల కమిటీ పెద్దలకు ఒక చిన్న మనవి. మన వార్షిక క్రీడోత్సవంలో గెలిచిన జట్టుకు కప్పు, ప్రథమ స్థానానికి పతకం ఇవ్వడం ఆనవాయితీ. వచ్చే సంవత్సరం నుండి ఓడిన జట్టులో అత్యుత్తమంగా ఆడిన విద్యార్థికి కూడా ఒక కప్పు ఏర్పాటు చేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను. దాని ఖర్చు స్వల్పం. ఓడిన జట్టులో ఉండి కూడా తన ఆటను నలుగురూ చూశారని ఒక విద్యార్థికి తెలిస్తే, వాడు మరునాడు మళ్లీ మైదానానికి వస్తాడు.